ష్మాల్ట్జ్: వంటింటి కొవ్వు వెక్కిరింతగా మారిన కథ

ఇంగ్లీషు సినిమా సమీక్షలు చదివేవాళ్లకు తరచుగా ఎదురయ్యే మాట ష్మాల్ట్జ్. మంచాన పడిన తల్లి, తలుపు దగ్గర ఆలస్యంగా వచ్చిన కొడుకు, కిటికీ బయట వాన, వెనకాల ఇరవై వయొలిన్లు. ప్రేక్షకుడు ఏడవకుండా తప్పించుకునే దారే లేకుండా కట్టిన ఇలాంటి సన్నివేశం మీద సమీక్షకుడు ఈ ఒక్క మాటతో తీర్పు చెప్పేస్తాడు. విశేషణంగా వాడితే ష్మాల్ట్జీ అవుతుంది. మోతాదు మించిన సెంటిమెంట్, అవసరానికి మించి పిండిన కన్నీరు అని నిఘంటువులు అర్థం చెబుతాయి. ఇది కబుర్లలో, పత్రికల్లో వినిపించే వాడుక మాటే తప్ప గంభీరమైన రాతలో అంతగా కనిపించదు. దాని అసలు అర్థం కాచిన కోడికొవ్వు.

ఒక వంటింటి సరుకు పేరు కళను తక్కువ చేసే మాటగా ఎలా మారింది? మాట పుట్టిన ఇంటిని చూడకుండా దీనికి జవాబు దొరకదు. ఆ ఇంట్లో అది తిట్టు కాదు, కలిమికి గుర్తు.

మాట ఇంగ్లీషులోకి యిడ్డిష్ నుంచి వచ్చిందని అమెరికన్ నిఘంటువులు చెబుతాయి. మధ్య, తూర్పు ఐరోపా యూదులు ఇళ్లలో మాట్లాడుకున్న భాష యిడ్డిష్. సుమారు వెయ్యేళ్ల కిందట రైన్ నది పరిసరాల్లో జర్మన్ మాండలికాల నుంచి పుట్టి, హీబ్రూ మాటలను, స్లావిక్ మాటలను కలుపుకుంటూ తూర్పుకు సాగింది. దాన్ని హీబ్రూ లిపిలో రాస్తారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఆ భాష మాట్లాడేవాళ్లు కోటి మందికి పైగానే ఉండేవారు. ష్మాల్ట్జ్ అనే మాట మూలం పాత జర్మన్‌లో 'కరగడం' అనే అర్థమున్న ధాతువు. ఇంగ్లీషులోని మెల్ట్, ఖనిజాన్ని కరిగించే స్మెల్టర్ కూడా ఈ మాటకు చుట్టాలే. నేటి జర్మన్‌లో ష్మాల్ట్స్ అంటే ఎక్కువగా పంది కొవ్వు. యూదులకు పంది నిషిద్ధం కాబట్టి, అదే మాట వాళ్ల ఇళ్లలో కోడి కొవ్వుకో, గూస్ బాతు కొవ్వుకో స్థిరపడింది.

కోడి కొవ్వుకు అంత ప్రాధాన్యం రావడానికి కారణం రుచి ఒక్కటే కాదు. మేకపిల్లను దాని తల్లిపాలలో ఉడికించకూడదన్న ఆజ్ఞ యూదుల ధర్మగ్రంథంలో మూడు చోట్ల కనిపిస్తుంది. దాని ఆధారంగా మాంసాన్ని, పాల పదార్థాలను ఒక భోజనంలో కలపకూడదన్న నియమం ఏర్పడింది. గిన్నెలు కూడా వేరువేరుగా ఉండాలి. మాంసం తిన్నాక పాల పదార్థం ముట్టడానికి చాలా కుటుంబాల్లో ఆరు గంటలు ఆగేవారు. అంటే మాంసం వండే పూట వెన్న పనికిరాదు. పంది కొవ్వు ఎటూ కుదరదు. ఆవు, గొర్రెల లోపలి కొవ్వులో కొంత భాగం కూడా నిషిద్ధమే. మధ్యధరా తీరంలోని యూదులకు ఆలివ్ నూనె ఉండేది, కానీ పోలండ్, లిథువేనియా, ఉక్రెయిన్ చలిలో ఆలివ్ చెట్టు బతకదు. వేయించడానికి, తాలింపుకు, రొట్టె మీద రాసుకోవడానికి అన్నిటికీ మిగిలింది పక్షి కొవ్వే.

తయారీ సులువే, ఓపిక మాత్రం కావాలి. కోడి చర్మాన్ని, పొట్ట దగ్గరి పసుపు కొవ్వును చిన్న ముక్కలుగా కోసి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో కాసిని నీళ్లు పోసి సన్నసెగ మీద పెడతారు. నీళ్లు చిటపటలాడి ఇగిరిపోయాక కొవ్వు మెల్లగా కరిగి తేటపడుతుంది. అప్పుడు సన్నగా తరిగిన ఉల్లిపాయ వేస్తారు. ఉల్లి ఎర్రబడేసరికి చర్మం ముక్కలు కుదించుకుపోయి కరకరలాడతాయి. మంట ఒక్క పిసరు పెరిగినా కొవ్వుకు మాడు వాసన పడుతుంది. వడకట్టి జాడీలో పోస్తే చల్లారాక లేత పసుపు రంగులో పేరుకుంటుంది. జల్లెడలో మిగిలిన ముక్కల పేరు గ్రిబెనెస్. మన ఇళ్లలో నెయ్యి కాచాక గిన్నె అడుగున మిగిలే గసి కోసం పిల్లలు ఎలా మూగుతారో, అక్కడి పిల్లలు గ్రిబెనెస్ కోసం అలా మూగేవారు. తరిగిన కాలేయం వంటకం, పులియని రొట్టెల పొడితో చేసి పులుసులో వేసే మాట్జో ఉండలు, హనుక్కా పండక్కి వేయించే బంగాళాదుంప అట్లు, వీటన్నిటికీ రుచి ఇచ్చేది ఆ జాడీయే. శీతాకాలంలో హనుక్కా నాటికి బలిపించిన గూస్ బాతును కోసి, దాని కొవ్వు కాచి, వసంతంలో వచ్చే పాసోవర్ పండగ కోసం వేరే కుండలో దాచిపెట్టడం చాలా ఊళ్లలో ఆనవాయితీ.

పేదరికం నిండిన ఆ పల్లెల్లో కొవ్వు చేతికి అందడమే అదృష్టం. అందుకే యిడ్డిష్‌లో ఎవరికైనా ఊహించని సిరి కలిసొస్తే 'ష్మాల్ట్జ్ గుంటలో పడ్డాడు' అంటారు. గుడ్లు పెట్టే ముందు ఒళ్లంతా కొవ్వు పట్టి ఉన్నప్పుడు దొరికే హెరింగ్ చేపకు ష్మాల్ట్జ్ హెరింగ్ అని పేరు, అది మేలు రకం. బైబిల్లో ఫరో చక్రవర్తి యోసేపు కుటుంబాన్ని ఐగుప్తుకు పిలిచి, ఆ నేలలో దొరికే శ్రేష్ఠమైనదంతా మీరు అనుభవించండని చెప్పే చోట మూలంలో హీబ్రూ వాడిన మాట 'నేల కొవ్వు'. కొవ్వంటే మిగులు, సమృద్ధి. తిండికి తడుముకునే రోజుల్లో ఈ అర్థం ఎవరూ ఎవరికీ విడమర్చి చెప్పాల్సిన పనిలేదు.

పొరుగున ఉన్న పోలిష్ భాషలో ఇదే మాట మరో దారి పట్టింది. అక్కడ స్మాలెట్స్ అంటే పంది కొవ్వు. దాన్నుంచి ష్మాల్ అనే వాడుక మాట డబ్బుకు పేరయింది. జర్మన్ ఆక్రమణ కాలంలో, నాజీల నుంచి తలదాచుకున్న యూదులను గుర్తుపట్టి, 'డబ్బిస్తావా, పట్టివ్వమంటావా' అని బెదిరించి పీడించినవాళ్లను ష్మల్ట్సోవ్నిక్ అన్నారు. ఉన్నదంతా ఊడ్చుకున్నాక కూడా పట్టిచ్చినవాళ్లు వాళ్లలో ఉన్నారు. యూదులకు సాయం చేయడానికి 1942 డిసెంబరులో ఏర్పడిన జెగోటా సంస్థ వీళ్ల మీద కఠిన చర్యల కోసం పట్టుబట్టింది. 1943 నుంచి పోలిష్ రహస్య ప్రతిఘటన న్యాయస్థానాలు కొందరికి మరణశిక్ష వేసి అమలు చేశాయి కూడా. అమెరికాలో ఈ మాట అప్పటికే పాటల మీద వేళాకోళంగా తిరుగుతుంటే, దాని తోబుట్టువు వార్సా వీధుల్లో ప్రాణభయానికి పేరైంది. ఒకే కాలంలో ఒకే మూలానికి ఇంత దూరమైన రెండు బతుకులు ఉండటం తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

అమెరికాకు ఈ మాట మనుషులతో పాటే ఓడ ఎక్కి వచ్చింది. 1881లో రష్యా చక్రవర్తి రెండో అలెగ్జాండర్ హత్య తరువాత అక్కడి యూదుల మీద దాడులు చెలరేగాయి. ఆ ఏడాది మొదలు 1924లో అమెరికా వలసల చట్టం తలుపులు మూసే దాకా, తూర్పు ఐరోపా నుంచి సుమారు 20 లక్షల మంది యూదులు అమెరికా చేరారు. చాలామంది న్యూయార్క్‌లోని లోయర్ ఈస్ట్ సైడ్ ఇరుకు గదుల్లో దిగారు. దగ్గర్లోని సెకండ్ అవెన్యూ యిడ్డిష్ నాటకశాలలకు నిలయమైంది. పగలంతా బట్టల కర్మాగారాల్లో కుట్టుపని చేసినవాళ్లు రాత్రి టికెట్టు కొనుక్కుని, ఊళ్లో వదిలొచ్చిన తల్లిని తలుచుకునే పాటలకు బాహాటంగా ఏడ్చేవారు. సముద్రం అవతల ఉన్న తల్లిని మళ్లీ చూస్తామో లేదో తెలియని మనుషులు వాళ్లు. ఆ ఏడుపును అతి అనడానికి ఎవరికీ నోరు రాదు.

ఆ వీధుల పిల్లలే తరువాత అమెరికా పాటల పరిశ్రమలో పాటలు కట్టారు, బ్యాండ్లలో వాయించారు. 1930లలో జాజ్ వాద్యకారుల మధ్య పెద్ద విభజన ఒకటి ఉండేది. ఒక పక్క స్వింగ్, హాట్ బ్యాండ్లు, వాటికి మనోధర్మమే ప్రాణం. ఇంకో పక్క స్వీట్ బ్యాండ్లు, అంటే రాసిన స్వరాలను మెత్తగా, తీయగా, డ్యాన్సుకు అనువుగా వాయించేవి. ఈ రెండో రకాన్ని మొదటి రకం వాళ్లు తీసిపారేయడానికి వాడిన మాటల్లో ష్మాల్ట్జ్ ఒకటి. ఇంగ్లీషులో ఈ అర్థానికి నిఘంటువులు చూపే తొలి ముద్రిత సాక్ష్యం 1935 నవంబరు నాటి వానిటీ ఫెయిర్ పత్రికలో ఉంది. మనోధర్మం లేని 'స్ట్రెయిట్' జాజ్‌ను తక్కువ చేసే మాటగా అది దీన్ని పరిచయం చేసింది. ఒక చిక్కు కూడా అక్కడే ఉంది. జర్మన్‌లోని ష్మాల్ట్స్‌కు కూడా అతి సెంటిమెంట్ అనే అర్థం ఉంది, ఆ పత్రిక పోల్చి చూపింది కూడా జర్మన్ మాటతోనే. న్యూయార్క్ వాద్యకారుల్లో రెండు భాషల వాళ్లూ ఉన్నారు కాబట్టి, ఈ అర్థంలో యిడ్డిష్‌కు ఎంత వాటా, జర్మన్‌కు ఎంత వాటా అని గీత గీయడం కష్టం. ఇంగ్లీషులో ఈ మాటకు ఉన్న చనువు, అల్లరి మాత్రం యిడ్డిష్ సొత్తే అనిపిస్తుంది.

సంగీతంలో ష్మాల్ట్జ్ అంటే ఏమిటో చెవితో గుర్తుపట్టవచ్చు. వయొలిన్ వాద్యకారుడు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వేలు ఎత్తి వేయకుండా తీగ మీదే జారుస్తాడు. మధ్యలో ఉన్న స్వరాలన్నిటినీ ఒరుసుకుంటూ చేరాల్సిన చోటికి ఆలస్యంగా చేరతాడు. చేరాక వేలిని వెడల్పుగా వణికిస్తాడు. ఒకసారి చేస్తే ఒళ్లు పులకరిస్తుంది, ప్రతి వాక్యం చివరా చేస్తే విసుగు పుడుతుంది. జారుడు రెండు సందర్భాల్లోనూ ఒకటే. తేడా ఎక్కడ, ఎన్నిసార్లు అన్నదాంట్లో ఉంది. కొవ్వుకూ ఈ లెక్కే వర్తిస్తుంది. చెంచాడు పడితే పులుసుకు రుచి వస్తుంది, గరిటెడు పడితే నాలుక మీద పూతలా పేరుకుని అసలు రుచి తెలియనివ్వదు. వాద్యకారులు ఈ మాటను ఎంచుకోవడంలో ఎంతో నిశితమైన అనుభవం ఉంది.

తూర్పు ఐరోపా యూదుల క్లెజ్మర్ సంగీతంలో క్రెఖ్ట్స్ అనే ఒక గమకం ఉంటుంది. స్వరం చివర గొంతు పట్టేసినట్టు, వెక్కిపడినట్టు చిన్న విరుపు. ప్రార్థనా మందిరంలో పాడే గాయకుడి గొంతులోని ఏడుపును అది వయొలిన్ మీదికి, క్లారినెట్ మీదికి తెస్తుంది. ఎక్కడ వేయాలి, ఎంత తేలిగ్గా వదలాలి అన్నది సాధనతో వచ్చే విద్య. దాని నియమాలు తెలియని చెవికి ఇదంతా ఒకే మూలుగులా వినిపించే ప్రమాదం ఉంది. ఒక సంప్రదాయంలో పద్ధతి ప్రకారం పలికే దుఃఖాన్ని మరో సంప్రదాయం అతిగా వినడం ష్మాల్ట్జ్ అనే తీర్పు వెనక చాలాసార్లు జరిగే పని.

అప్పట్లో స్వీట్ బ్యాండ్లకు పెద్ద పేరు గై లొంబార్డో. హాట్ జాజ్ అభిమానులు ఆయన బ్యాండును ఎగతాళి చేస్తుంటే, జాజ్‌కే దిక్సూచి లాంటి లూయిస్ ఆర్మ్‌స్ట్రాంగ్ మాత్రం తనకు ఆ బ్యాండు ఎంతో ఇష్టమని బహిరంగంగా చెబుతూ వచ్చాడు. అభిమానుల గిరిగీతలు సంగీతకారుడి చెవికి పట్టలేదు.

ఈ మాట తిట్టుగా స్థిరపడటానికి ధ్వని కూడా సాయం చేసింది. ఇంగ్లీషులో 'ష్మ' అనే జంట ధ్వనితో మొదలయ్యే సొంత మాటలు లేవు. యిడ్డిష్ నుంచి వచ్చినవాటిలో చాలావరకు వేళాకోళానికి వాడేవే. 'ఫాన్సీ ష్మాన్సీ' అంటూ ఏ మాటకైనా 'ష్మ' తగిలించి దాన్ని తేలిక చేయడం న్యూయార్క్ వాడుక. మన 'పుస్తకం గిస్తకం'లో కూడా చులకన ధ్వనిస్తుంది గానీ, 'ష్మ'లో కొట్టిపారేయడం ఇంకా పదునుగా ఉంటుంది.

అంతకన్నా పెద్ద కారణం జీవితం మారడం. అమెరికాలో పుట్టిన రెండో తరానికి కొవ్వు అపురూపం కాదు. 1911లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ పత్తిగింజల నూనెను గట్టిపరిచి క్రిస్కో పేరుతో అమ్మకానికి తెచ్చింది. అది మాంసమూ కాదు, పాలూ కాదు కాబట్టి యూదుల వంటింట్లో ఏ గిన్నెలోకైనా వెళ్లగలదు. క్రిస్కో కోసం యూదు జాతి 4,000 ఏళ్లుగా ఎదురుచూస్తోందని న్యూయార్క్ రబ్బీ (యూదు మతగురువు) ఒకరు అన్నట్టుగా కంపెనీ తన ప్రచార పుస్తకంలో వేసుకుంది. 1933లో యూదు గృహిణుల కోసం యిడ్డిష్, ఇంగ్లీషు రెండు భాషల్లో వంటల పుస్తకం కూడా అచ్చు వేసింది. జాడీలోని కోడికొవ్వు నెమ్మదిగా అమ్మమ్మల కాలపు సరుకైపోయింది. దాని వాసన పాత దేశాన్ని, ఇరుకు గదులను, తలవంపును గుర్తుచేసేది. కొత్త దేశంలో కుదురుకోవాలనుకునే పిల్లలు ఆ వాసనను ఒంటికి అంటకుండా చూసుకున్నారు. తల్లిదండ్రులు ఏడ్చిన పాటలకు వాళ్లు ఆ వాసన పేరే పెట్టారు. ఈ మాటలో వెక్కిరింతతో పాటు ఒక రకం బెంగ కూడా వినిపించడానికి కారణం ఇదే అయి ఉండాలి. పరాయివాళ్లు పెట్టిన పేరైతే ఇంత మెత్తగా ఉండదు.

అతి సెంటిమెంట్‌కు ఇంగ్లీషులో పేర్లకు కొదవలేదు. వాటిలో చాలావరకు తడిగానో, జిగటగానో, తీపిగానో ఉంటాయి: మషీ, సాపీ, సిరపీ, ట్రీక్లీ. మాడ్లిన్ అనే మాట చిత్రాల్లో ఎప్పుడూ ఏడుస్తూ కనిపించే మగ్దలేనే మరియ పేరు నుంచి వచ్చింది. మాకిష్ మూలంలో పురుగు ఉంది. అసలు సెంటిమెంటల్ అన్న మాటే 18వ శతాబ్దం నడుమ పొగడ్తగా మొదలైంది. సున్నితమైన మనసు, లోతైన ఆలోచన ఉన్నవాళ్ల లక్షణమది. ఇంగ్లీషు రచయిత లారెన్స్ స్టెర్న్ 1768లో తన ప్రయాణ రచనకు ఆ మాటను పేరులో పెట్టుకున్నది గౌరవంగానే. తరువాతి తరాల్లో అది నిందగా దిగజారింది. సంపన్నమైన, నిలకడైన సమాజాలు భావోద్వేగాన్ని చూపడం కన్నా అణచుకోవడాన్నే పెద్దరికంగా లెక్కించిన ప్రతిసారీ ఇలాంటి మాట ఒకటి కిందికి జారినట్టు కనిపిస్తుంది.

తెలుగు పాఠకుడికి ఈ కథలో ఆశ్చర్యపోవలసిన చోటు ఒకటుంది. సంస్కృతంలో స్నేహమంటే ప్రేమ, చమురు, జిడ్డు అన్నీ. ఆయుర్వేదం నూనె, నెయ్యి, కొవ్వులను ఇప్పటికీ స్నేహద్రవ్యాలనే అంటుంది. బడిలో నేర్పే ప్రకృతి వికృతుల్లో స్నేహానికి వికృతి నెయ్యం, నెయ్యి పక్కనే వినిపించే మాట. అంటే ఇక్కడ కొవ్వు నుంచి అనురాగానికి బాట పడింది, న్యూయార్క్‌లో అదే కొవ్వు నుంచి కపట అనురాగానికి బాట పడింది. అలాగని మనవాళ్లకు రెండో అర్థం తెలియదనుకోనక్కర్లేదు. వదలకుండా పట్టుకునే మనిషిని జిడ్డుగాడంటాం, సాగదీసిన సినిమాను జిడ్డు సినిమా అంటాం. కాకపోతే జిడ్డుకు ఏడుపుతో పనిలేదు, దాని ఫిర్యాదు నత్తనడక మీద. సెంటిమెంట్ అనే ఇంగ్లీషు మాటను మాత్రం మనం నిందగా తీసుకోలేదు. 'అమ్మ సెంటిమెంట్ బాగా పండింది' అనడం సినిమాకు మెచ్చుకోలు. మంగళవారం కొత్త పని మొదలుపెట్టకపోవడమూ సెంటిమెంటే. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమ కాలంలో 'తెలంగాణ సెంటిమెంట్' అన్నప్పుడు అది లక్షల మంది మనసులోని మాట. ఇన్ని బరువులు మోసే ఈ మాటను ఇంగ్లీషు సమీక్షలోని ష్మాల్ట్జ్‌కు సమానంగా వాడితే అర్థం తప్పుతుంది.

ష్మాల్ట్జ్ అన్నది దుఃఖం మీద తీర్పు కాదు, దుఃఖాన్ని వడ్డించిన చేతి మీద తీర్పు. తల్లి పోయిన మనిషి ఏడుపును ఎవరూ ష్మాల్ట్జ్ అనరు, అనకూడదు కూడా. ఆ ఏడుపును చూపే కెమెరా ఎంత దగ్గరికి వెళ్లింది, సంగీతం ఎంతసేపు ఆగకుండా మోగింది, ప్రేక్షకుడికి సొంతంగా బాధపడే వ్యవధి ఇచ్చారా లేదా అన్నవాటికే ఈ మాట వర్తిస్తుంది. ఈ తేడా మరిచిపోయి, గుండె తడి కనిపించిన ప్రతి చోటా ఈ ముద్ర కొట్టేసే సమీక్షకులు ఉన్నారు. అది బద్ధకపు విమర్శ. పైగా పేదవాళ్లు, వలసవచ్చినవాళ్లు, ఆడవాళ్లు ఇష్టపడే కథల మీదే ఆ ముద్ర తేలిగ్గా పడుతుండటం గమనించదగ్గది.

20వ శతాబ్దం రెండో సగంలో కొలెస్ట్రాల్ భయం మిగిలిన కోడికొవ్వును కూడా వంటిళ్ల నుంచి తరిమింది. ష్మాల్ట్జీ అని రోజూ అనే అమెరికన్లలో దాని రుచి ఎరిగినవాళ్లు బహుశా కొద్దిమందే. అయినా ఈ మధ్య పాత యూదు వంటల మీద మళ్లీ మనసు మళ్లింది. 2013లో ఒక్క ష్మాల్ట్జ్ గురించే వంటల పుస్తకం వచ్చింది. కోషర్ సరుకులు, అంటే యూదుల ఆహార నియమాలకు తగినవి, అమ్మే దుకాణాల్లో గడ్డకట్టిన కోడికొవ్వు చిన్న డబ్బాల్లో దొరుకుతుంది. యువ వంటవాళ్లు బంగాళాదుంపలు అందులో వేయించి ఆ సంగతిని మెనూలో గర్వంగా రాస్తున్నారు. సమీక్షల్లో కూడా 'ష్మాల్ట్జీగా ఉన్నా హాయిగా ఉంది', 'సిగ్గుపడకుండా ష్మాల్ట్జీగా ఉంది' లాంటి మాటలు మెచ్చుకోలుగానే కనిపిస్తున్నాయి.